మూత్రానికి అడ్డం పడితే కిడ్నీలకు ఏమవుతుంది? – ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. వరంగల్ స్టూడియోలో మనతో యూరాలజీ డాక్టర్ గారు ఉన్నారు. మొదటి కాల్. హలో, చెప్పండి.

కాలర్: హన్మకొండ నుంచి మేడమ్. సార్, కిడ్నీ నుంచి మూత్రసంచికి వచ్చే మూత్రనాళంలో 8 మిల్లీమీటర్ల రాయి ఉందన్నారు. పోయిన నెల నొప్పి బాగా లేచింది, ఇప్పుడు లేదు. పడిపోయినట్టేనా?

డాక్టర్: మళ్లీ స్కాన్ చేయించారా?

కాలర్: లేదు సార్. నొప్పి లేదు కదా అని...

డాక్టర్: నొప్పి పోయిందంటే రాయి పోయినట్టు కాదు. రాయి అక్కడే ఉండి నొప్పి ఆగిపోవచ్చు. పూర్తిగా అడ్డం పడితే కొన్ని వారాల్లోనే ఆ కిడ్నీ దెబ్బతింటుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ అని చూస్తారు, కిడ్నీలు పని తగ్గిస్తే అది పెరుగుతుంది. రెండో కిడ్నీ బాగుంటే అది నార్మల్‌గానే వస్తుంది, అది చూసి ధైర్యపడకండి. ఈ వారమే స్కాన్ చేయించండి. చలిజ్వరం వస్తే మాత్రం అదే రోజు ఆస్పత్రికి.

కాలర్: కొండపిండి ఆకు కషాయం తాగుతున్న సార్...

డాక్టర్: ముందు స్కాన్.

యాంకర్: థాంక్యూ అండి. తర్వాత పరకాల నుంచి.

కాలర్: నమస్తే సార్. మా బాపు గురించి. 70 దాటినయ్. బాయికాడికి రోజూ పోతడు, మంచిగనే తింటడు. రెండేండ్ల నుంచి మూత్రం సన్నగా, ఆగి ఆగి వస్తుండె. వయసు కదా అనుకున్నం. తర్వాత రాత్రి పక్క తడుపుడు మొదలైంది. అమ్మ తిట్టేది. సిగ్గుకు ఎవరికీ చెప్పలే. నొప్పి మాత్రం లేదు సార్, ఎన్నడూ లేదు.

డాక్టర్: అక్కడే మోసం. చెరువు నిండి మత్తడి దూకినట్టు, నిండిన మూత్రసంచి నుంచి పైపైది కారిపోతుంది. లోపల నిండుగానే ఉంటుంది. పొత్తికడుపు ఉబ్బిందా?

కాలర్: ఉబ్బింది సార్, గ్యాస్ అనుకున్నం. కాళ్ల వాపు వచ్చినంక స్కాన్ తీస్తే రెండు కిడ్నీలూ ఉబ్బినయన్నరు. మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెద్దగై మూత్రానికి అడ్డం పడ్డదట. క్రియాటినిన్ 6.2. మూత్రం పైపు వేస్తే రెండు లీటర్ల పైన వచ్చింది. ఆ రాత్రంతా బ్యాగు నిండుతనే ఉంది, భయపడ్డం.

డాక్టర్: అడ్డం తొలగ్గానే కొందరిలో అట్లా వరదలా వస్తుంది. నీళ్లతో పాటు సోడియం, పొటాషియం పోతాయి. బీపీ పడిపోవచ్చు. అందుకే రెండు మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచి చూస్తారు. ఉంచారా?

కాలర్: ఇంట్ల పెండ్లి ఉండె సార్... తెల్లారే తీసుకొచ్చినం.

డాక్టర్: ఏం పెళ్లయ్యా! మనిషి ఉంటేనే కదా పెళ్లి. సరే, ఇప్పుడు క్రియాటినిన్ ఎంత?

కాలర్: 3.1 సార్. ఆపరేషన్ చేస్తే కిడ్నీలు మునుపటి లెక్క అయితయా?

డాక్టర్: ఆపరేషన్ అడ్డం తీస్తుంది. ఒత్తిడికి కిడ్నీ కండ పలచబడి మచ్చ కట్టిన భాగం తిరిగి రాదు. క్రియాటినిన్ ఇంకొన్ని వారాలు తగ్గవచ్చు. తగ్గి ఎక్కడ ఆగితే అదే మిగిలిన శక్తి.

కాలర్: అంటే 1 కి వస్తదా సార్? డయాలసిస్ ఉండదు కదా? బాపు పైపు తీసెయ్యమని ఒకటే లొల్లి.

డాక్టర్: 1 కి వస్తుందని నేను చెప్పను. తగ్గుతోంది కాబట్టి ఇప్పుడే డయాలసిస్ టెన్షన్ వద్దు. పైపు మాత్రం మీ అంతట మీరు తీయొద్దు. తీస్తే మళ్లీ నిండి, మళ్లీ కిడ్నీ మీదే పడుతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా బీపీ, క్రియాటినిన్ చూపించుకుంటూనే ఉండాలి. నడుము నొప్పి అని నొప్పి గోలీలు, సూదులు వేయించొద్దు. జలుబు గోలీలు కూడా అడక్కుండా వద్దు, కొన్నిటితో మూత్రం బిగుస్తుంది.

కాలర్: ఆపరేషన్ తర్వాతనన్నా మంచిగైతయా సార్, కిడ్నీలు?

డాక్టర్: (నవ్వుతూ) ఇందాక చెప్పిందే, తమ్ముడూ. ఉన్నది కాపాడుకుందాం. బాపును తిట్టొద్దని అమ్మకు చెప్పండి. పక్క తడపడం ఆయన తప్పు కాదు.

యాంకర్: టైమ్ తక్కువ ఉంది. మహబూబాబాద్ నుంచి, త్వరగా చెప్పండమ్మా.

కాలర్: సార్, రాయి ఆపరేషన్ల స్టెంట్ అని మూత్రనాళంల సన్న గొట్టం వేసిండ్రు. యాడాదైంది. నొప్పి లేదని పోలేదు...

డాక్టర్: యాడాదా! అమ్మా, మామూలుగా మూడు నెలల్లోపు తీయాలి. దాని చుట్టూ రాయి పేరుకుని మళ్లీ అడ్డం పడుతుంది. రేపే ఎక్స్‌రే తీయించండి. కాగితాలు ఉన్నాయా?

కాలర్: ఎక్కడ పెట్టిన్నో సార్...

డాక్టర్: లేకపోయినా వెళ్లండి. ఎక్స్‌రేలో కనపడుతుంది.

యాంకర్: థాంక్యూ డాక్టర్ గారూ. లైన్లో ఉన్నవాళ్లు వచ్చే వారం చేయండి. నమస్కారం.