ఇన్నాళ్లూ పడింది ఇప్పుడెందుకు పడదు?

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో ఒంటి దురద గురించి మాట్లాడాలంటే జీడిపిక్కల దగ్గరే మొదలెట్టాలి.

మా పిన్ని పదేళ్లు జీడిపిక్కలు కొట్టింది. చేతులకి బూడిద రాసుకుని కూర్చునేది, వేళ్లు నల్లబడేవి, అక్కడక్కడ తోలు ఊడేది, అంతే. పదకొండో ఏడు ఒకరోజు మామూలుగానే పని చేసి వచ్చింది, మర్నాడు రాత్రికి ముంజేతుల నిండా నీటి పొక్కులు, కళ్లు వాచిపోయాయి. వేడి చేసింది, మజ్జిగ తాగు అన్నారందరూ. మజ్జిగ మంచిదే గానీ ఇది వేడి కాదు, ఎలర్జీ.

పెంకులోని నూనెకి చర్మం కాలడం వేరు, అది ఎవరికైనా వెంటనే జరుగుతుంది. ఎలర్జీ కొందరికే, అదీ ఒకటి రెండు రోజులాగి వస్తుంది. ఆ నూనెలో రసాయనం ఎంత చిన్నదంటే ఒంటరిగా ఉంటే మన రోగనిరోధక వ్యవస్థ పట్టించుకోదు. చర్మంలోకి దిగి అక్కడి ప్రొటీన్‌కి అతుక్కున్నాకే పరాయిదిగా కనిపిస్తుంది. ఇలాంటివాటిని హాప్టెన్లంటారు. చర్మంలో కాపలా కాసే లాంగర్‌హాన్స్ కణాలు (1868లో వీటిని కనిపెట్టింది ఒక మెడిసిన్ స్టూడెంటు, నరాల కణాలనుకున్నాడు పాపం) దాన్ని చంకల్లో బిళ్లలు కడతాయే, అక్కడిదాకా మోసుకెళ్లి టీ కణాలకి (రోగనిరోధక వ్యవస్థలో పరాయివాటితో పోరాడే తెల్ల రక్తకణాలు) చూపిస్తాయి. అవి దాన్ని గుర్తుపట్టడం నేర్చుకోవడానికి పది పదిహేను రోజులు. నేర్చుకున్నాక చుక్క తగిలినా చాలు, అయితే ఆ టీ కణాలన్నీ ఆ చోటికి చేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈ నేర్చుకోవడం మొదటి ఏడే జరగొచ్చు, ఇరవయ్యో ఏడు జరగొచ్చు. జుట్టుకేసే నల్లరంగుదీ ఇదే కథ. ఈ ఎలర్జీ నడిపేది కణాలేనని ఎలా తెలిసిందంటే, 1942లో లాండ్‌స్టైనర్, చేజ్ అనే శాస్త్రవేత్తలు ఎలర్జీ ఉన్న గినీ పందుల కణాలు వేరే వాటికి ఎక్కిస్తే ఎలర్జీ కూడా వెళ్లింది, సీరం (రక్తంలో కణాలు పోగా మిగిలిన నీరు, యాంటీబాడీలు ఉండేది ఇందులోనే) ఎక్కిస్తే వెళ్లలేదు.

మందుల సంగతికొస్తే, పెన్సిలిన్ ఇంజెక్షనైన నిమిషాల్లో దద్దుర్లు, ఆయాసం వస్తే అది వేరే దారి: ఐజీఈ అనే యాంటీబాడీ, చర్మంలోనూ ఊపిరితిత్తుల్లోనూ ఉండే మాస్ట్ కణాల చేత హిస్టమిన్ అనే దురద, వాపు తెచ్చే రసాయనం వదిలిస్తుంది. అప్పుడు ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగే. మాత్ర మొదలెట్టిన కొన్ని రోజులకి జ్వరం, నోట్లో పుళ్లు, తోలు ఊడటం కనిపించినా అంతే.

ఇంకోటుంది, నాకు చాలా ఇష్టమైనది (డాక్టర్లకి ఇలాంటి పాడు ఇష్టాలుంటాయి). మాకు తెలిసిన మాస్టారు ఒకరికి విరేచనాలు కట్టడానికి మాత్ర వేసుకున్నప్పుడల్లా పెదవి అంచున, సరిగ్గా అక్కడే, రూపాయి బిళ్లంత నల్లమచ్చ లేస్తుంది. జ్వరం పొక్కనుకున్నారు. మొదటిసారి వచ్చిన టీ కణాలు మచ్చ తగ్గాక కూడా ఆ చర్మంలోనే మకాం పెట్టాయి, మందు రక్తంలో వచ్చిన ప్రతిసారీ పక్కనున్న మన కణాలనే చంపుతాయి. సల్ఫా మందులు, కొన్ని నొప్పి మాత్రలు ఇలా చేస్తాయి. ఆయన ఇక్కడొకరికి, పాతపట్నంలో ఇంకొకరికి చూపించుకున్నారు, ఒకరు రాసింది ఇంకొకరికి తెలీదు. ఏ మాత్రో చెబుదామంటే షాపువాడు రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోయింది.

మీలో ఎవరైనా మాత్రల అట్టలు తెచ్చుంటే ఈ బల్ల మీద పెట్టండి, ఒక్కొక్కటీ చూద్దాం.