రెయెవ్‌స్కీ పేరు లేని పుస్తకాలు

సభకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలకు పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. సమయం తక్కువ, నేరుగా విషయానికి వస్తాను.

నాకిచ్చిన అంశం రహస్య లిపుల గురించిన పుస్తకాలు. రహస్య లిపి వాడిన రోమన్ సేనాని జూలియస్ సీజర్‌తో మొదలుపెడదామని అనుకున్నాను. కానీ ఇందాక ఇక్కడి అరలో, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు సందేశాలను రహస్య లిపిలోకి మార్చడానికి వాడిన ఎనిగ్మా యంత్రం మీద ఒక పుస్తకం తిరగేశాక మనసు అక్కడే ఆగిపోయింది. మళ్లీ అదే కథ: రహస్య లిపులు ఛేదించిన ఇంగ్లండు కేంద్రం బ్లెచ్లీ పార్క్, అక్కడి గణితవేత్త ట్యూరింగ్, విజయం. ట్యూరింగ్ మహా మేధావి, కాదనను. అయితే ఆయన ఆ పనిలో దిగడానికి ఎన్నో ఏళ్ల ముందే, 1932 డిసెంబరులో, జర్మన్ సైన్యం వాడే ఎనిగ్మా లోపలి తీగల అమరికను గణితంతో రాబట్టినవారు పోలండుకు చెందిన గణితవేత్త మరియన్ రెయెవ్‌స్కీ. అప్పటికి ఆయన వయసు 27.

లెక్కల మాస్టార్లు ఎవరైనా ఉంటే ఇది కాస్త శ్రద్ధగా వినండి. జర్మన్లు ప్రతి సందేశానికీ ముందు మూడక్షరాల తాళాన్ని, అంటే ఆ సందేశానికి యంత్రాన్ని ఎలా అమర్చాలో చెప్పే గుర్తును, పొరపాటు రాకుండా రెండుసార్లు పంపేవారు. అంటే ఒకటో అక్షరం, నాలుగో అక్షరం వెనక ఉన్నది ఒకటే. ఆ జాగ్రత్తే వారి కొంప ముంచింది. ఫ్రెంచివారు గూఢచారి ద్వారా సంపాదించిన కాగితాలూ తోడయ్యాయి. అయినా ఒక ముడి మిగిలింది: మీటల నుంచి లోపలికి తీగలు ఏ వరుసలో వెళతాయి? బజారులో అమ్మిన యంత్రంలో అది కీబోర్డు మీద మీటలున్న వరుసే. ఆ లెక్కన సమీకరణాలు కుదరలేదు. అప్పుడు రెయెవ్‌స్కీకి తట్టింది, మామూలు అక్షరక్రమమేనేమో అని! అదే నిజమైంది. 1939 జులైలో వార్సా దగ్గరి పిరీ అడవిలో పోలండువారు తమ రహస్యమంతా బ్రిటన్, ఫ్రాన్సులకు అప్పగించినప్పుడు, బ్రిటిష్ నిపుణుడు డిల్లీ నాక్స్ ఆత్రంగా అడిగింది ఆ వరుస గురించే. అప్పటికి యుద్ధానికి ఐదు వారాలే ఉంది.

మరి 1974లో బ్రిటిష్ గూఢచారి శాఖ మాజీ అధికారి వింటర్‌బోథమ్ రాసిన 'ది అల్ట్రా సీక్రెట్' ఏం చెప్పింది? జర్మన్ కర్మాగారంలో పనిచేసిన ఒక పోలిష్ మెకానిక్ వల్ల యంత్రం సంగతి తెలిసిందట! గణితం మాటే లేదు. యుద్ధం తర్వాత కంపెనీల్లో ఖాతాలు చూసుకుంటూ బతికిన రెయెవ్‌స్కీ అప్పటికి సజీవంగా ఉన్నారు, 1980 దాకా ఉన్నారు. ఆయన సహచరుడు రుజిత్‌స్కీ 1942లోనే మధ్యధరా సముద్రంలో ఓడ మునిగి చనిపోయారు. ఇంకో సహచరుడు జిగాల్‌స్కీ తిరిగి స్వదేశానికి వెళ్లకుండా ఇంగ్లండులో గణితం బోధించారు. పిల్లలూ, ఈ మూడు పేర్లూ రాసుకోండి. రెయెవ్‌స్కీ, రుజిత్‌స్కీ, జిగాల్‌స్కీ.

సీజర్ సంగతి మరోసారి చూద్దాం. గ్రంథాలయాధికారి గారికి ఒక్క విన్నపం. ఎనిగ్మా మీద కొత్త పుస్తకం కొనే ముందు చివరనున్న పేర్ల పట్టిక తీసి చూడండి. అందులో ఈ ముగ్గురూ లేకపోతే ఆ డబ్బు వేరే పుస్తకానికి పెట్టండి.