నరమామిడికి మొదటి వేసవి

శ్రోతలకు నమస్కారం.

మా పక్క స్థలంలో మూడంతస్తుల ఇల్లు లేచింది. వాళ్ల కిటికీలోంచి చూస్తే మా పెరట్లో ఆరేసిన బట్టలు లెక్కపెట్టొచ్చు. చాటు కోసం ప్రహరీ వెంట పన్నెండు నరమామిడి మొక్కలు నాటాం. మన వీధుల్లో అందరూ అశోక చెట్లనేది వీటినే. సీతమ్మ కూర్చున్న అశోకం వేరు, దానికి నారింజ రంగు పూలు గుత్తులుగా పూస్తాయి. పేరు ఏదైతేనేం, ఏడాది పొడవునా ఆకు ఉంటుంది, పక్కలకు పాకకుండా నిలువుగా పెరుగుతుంది. మాకు కావలసిందీ అదే.

సంక్రాంతి వెళ్లాక నాటాం. మొదటి పొరపాటు అక్కడే. తొలకరిలో నాటి ఉంటే ఎండలు ముదిరేలోగా వేళ్లకు ఏడెనిమిది నెలలు దక్కేవి. మే నెల వచ్చేసరికి ఐదు మొక్కలు ఎండిపోయాయి. రోజూ సాయంత్రం పైపు పట్టుకుని నిలబడ్డ నాకు ఒళ్లు మండిపోయింది. ఎండిన మొక్క ఒకదాన్ని పెకలించి చూస్తే అప్పుడు తెలిసింది. పైన రెండంగుళాలు తడి. కింద, నర్సరీ కవరులోంచి వచ్చిన మట్టి ముద్ద మాత్రం ఇటుకలా ఉంది. మాది ఎర్ర ఇసుక నేల, మొక్కతో వచ్చింది జిగురు మట్టి. అది ఒకసారి ఎండి బిగిసిందంటే నీళ్లు దాని పక్కనుంచే జారి ఇసుకలో ఇంకిపోతాయి. వేళ్లేమో ఇంకా ఆ ముద్దలోనే ఉన్నాయి.

మిగిలిన ఏడింటికి పద్ధతి మార్చాం. పాత పెయింటు బకెట్లకు అడుగున మేకుతో సన్నని చిల్లి పెట్టి, మొదలుకు దగ్గరగా, నీళ్లు ఆ మట్టి ముద్ద మీదే పడేలా ఉంచాం. బకెట్ ఖాళీ కావడానికి అరగంట పైనే పడుతుంది. ఆ నిదానంలోనే ముద్ద లోపలిదాకా తడుస్తుంది. రోహిణి కార్తెలో రోజు విడిచి రోజు, ఎండ తగ్గాక వారానికి రెండుసార్లు. మర్నాడు పొద్దున సన్నని ఇనుప చువ్వ గుచ్చి చూస్తాను. సులువుగా దిగి, తడి మట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్లు పొయ్యను. నెలలు గడిచేకొద్దీ పాదు వెడల్పు చేస్తూ, బకెట్‌ని బయటికి జరపాలి. వేళ్లు తడిని వెతుక్కుంటూ అటు సాగుతాయి. ఇంకో మాట, మిట్టమధ్యాహ్నం పైపు తిప్పకండి. ఎండకు పడి ఉన్న పైపులోంచి ముందొచ్చే నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి.

మీది నల్లరేగడి అయితే కథ తిరగబడుతుంది. ఆ నేల నీటిని పట్టుకుని వదలదు. రోజూ పోస్తే వేళ్లకు గాలి ఆడక కుళ్లిపోతాయి, ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలతాయి. అది చూసి దాహమేమో అనుకుని ఇంకో బిందె పోస్తాం! అసలు నరమామిడితో చిక్కేమిటంటే, దాని ఆకులు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటాయి. వాలిన ఆకును చూసి ఏమీ చెప్పలేం. చువ్వనే నమ్మాలి.

పాదులో నాలుగంగుళాల మందాన ఎండుటాకులో వరిగడ్డో పరవండి, మొదలుకు మాత్రం తగలనివ్వకండి, కాండం మెత్తబడుతుంది. మొదటి ఆరు నెలలు యూరియా జోలికి పోవద్దు. తల కత్తిరించడం కూడా అప్పుడే వద్దు. ఆకుపచ్చ గొంగళిపురుగులు కొన్ని ఆకులు తింటాయి, టెన్షన్ పడకండి. నల్లని రెక్కల మీద ఆకుపచ్చ మచ్చలుండే సీతాకోకచిలుకల పిల్లలవి, ఎదిగే మొక్కకు ఆ నాలుగు ఆకులు లెక్కలోవి కావు.

వానలు పడ్డాక కొమ్మల చివర్ల రాగిరంగు చిగుళ్లు తళతళలాడుతూ వచ్చాయి. అప్పుడుగానీ మా మనసు కుదుటపడలేదు. ఖాళీ అయిన ఐదు చోట్లా ఆ తొలకరిలోనే మళ్లీ నాటాం. ఇప్పుడు నీళ్ల కాపలా నాదొక్కదానిదే కాదు. పక్కింటి పెద్దావిడ రెండో అంతస్తు కిటికీలోంచి తొంగి చూసి, "మూడో బకెట్ అయిపోయిందమ్మా" అని కేకేస్తారు. చెట్లు ఆ కిటికీ ఎత్తుకు రావడానికి ఇంకా నాలుగైదేళ్లు పడుతుంది.