ఆకు గుచ్చితే మొక్క వస్తుందా? వేర్ల పౌడర్ కొనాలా, వద్దా?

అందరికీ నమస్తే. నా చేతిలో ఉన్న ఈ ఆకు చూస్తున్నారా? జీజీ (ZZ) ప్లాంట్ ఆకు. మృగశిర కార్తె వెళ్లాక, వానలు పడుతున్నప్పుడు మట్టిలో గుచ్చాను. ఇప్పుడు సంక్రాంతి ముగ్గులు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి. అంటే ఏడు నెలలు. పైన మాత్రం అప్పుడెట్లా ఉందో ఇప్పుడూ అట్లనే ఉంది. ఇగో, కెమెరా దగ్గర పెడుతున్నా, కింద చూడండి. కాడ చివర శనగగింజ కంటే కాస్త పెద్దగా, చిన్న ఆలుగడ్డ పిల్లలా ఉంది కదా? అది దుంప. మొలక రావాలంటే ముందు ఇది తయారు కావాలి. తెలియనివాళ్లు "ఏం రాలేదు" అని ఈపాటికి ఎప్పుడో పారేస్తారు.

ఈరోజు రివ్యూ వేర్ల పౌడర్ మీద, అదే రూటింగ్ హార్మోన్. నేను నా డబ్బులతోనే కొన్నాను, చిన్న డబ్బా 150 రూపాయలు. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే నా గొడవ కంపెనీతో కాదు. ఇది లేకపోతే ఆకులకు వేర్లే రావన్నట్టు అమ్ముతున్నారు చూడండి, దాంతో.

మాది హన్మకొండ, రెండో అంతస్తు, తూర్పు బాల్కనీ. స్నేక్ ప్లాంట్ ఆకులు కోసి నాలుగు అంగుళాల ముక్కలు 12 చేశాను. రెండు రోజులు నీడలో ఆరబెట్టాను, కోసిన చోట పొర కట్టాలి కాబట్టి. పచ్చిగా పెడితే కుళ్లుతుంది. నాలుగు ముక్కలు నీళ్లలో, నాలుగు ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం సగం కలిపి అందులో, మిగతా నాలుగు పౌడర్‌లో అద్ది అదే ఇసుకలో.

నీళ్లలో పెట్టినవాటికి మూడు వారాలకే తెల్లటి వేర్లు. ఫోటోలు తీసి అందరికీ పంపాను కూడా. తర్వాత నీళ్లు మార్చడం మర్చిపోయాను, రెండు కుళ్లిపోయాయి, ఆ వాసన చెప్పలేను. ఇసుకలో నాలుగూ బతికాయి. పౌడర్ పెట్టినవాటికి వేర్లు గుబురుగా వచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పిల్ల మొక్క? వెయ్యి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ ఆడి వచ్చిన మర్నాడు పౌడర్ లేని కుండీలో మొదటి మొన కనిపించింది. పౌడర్ కుండీలో దీపావళి దాటాక.

నాలుగు ముక్కలతో ఏదీ తేల్చలేం, నిజమే. కానీ ఎందుకిట్లా అని చదివితే ఒక సంగతి దొరికింది. ఈ పౌడర్లలో ఉండేది ఆక్సిన్ రకం హార్మోన్. 1957లో స్కూగ్, మిల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకు కణజాలం మీద చూపించారు: ఆక్సిన్ వాటా ఎక్కువైతే వేర్లు, సైటోకైనిన్ అనే ఇంకో హార్మోన్ వాటా ఎక్కువైతే మొలకలు. కొమ్మ కటింగ్‌కు కణుపులో మొగ్గ ముందే ఉంటుంది కాబట్టి వేర్లొస్తే చాలు. ఆకుకు ఆ మొగ్గే కొత్తగా పుట్టాలి. అందుకే మందారం, కాగితం పూల కొమ్మలకైతే పౌడర్ వాడండి, పనికొస్తుంది. ఆకులకు నేనైతే మళ్లీ కొనను.

ఇంకో తప్పు కూడా చూపిస్తా. ఈ ముక్క ఎండి అట్టలా అయింది చూశారా? తలకిందులుగా గుచ్చాను. కోసిన ముక్కలన్నీ ఒకేలా ఉంటాయి, ఏది పైనో ఏది కిందో తెలియదు. ఆకు మొదలు వైపే వేర్లొస్తాయి. ఇప్పుడు కోసేటప్పుడే కింది వైపు చిన్న గాటు పెడుతున్నా.

అన్నట్టు, పసుపు అంచు ఉన్న స్నేక్ ప్లాంట్‌ను ఆకుతో పెంచకండి. పిల్లలు మామూలు పచ్చగా వస్తాయి, అంచు రాదు. అది కావాలంటే దుంపతో సహా పిలక విడదీయాల్సిందే.

రెక్స్ బిగోనియాకు మాత్రం బిర్యానీ పార్సిల్ డబ్బా చాలు. ఆకును బోర్లించి ఈనెలు అక్కడక్కడ గాటు పెట్టి, తిప్పి తడి కోకోపీట్ మీద ఆనించి మూత పెట్టాను. గాటు పెట్టిన చోటల్లా గుండుసూది తలంత మొలకలు! రణపాల సంగతి చెప్పక్కర్లేదు, ఆకును కిటికీ గట్టు మీద పెట్టి మర్చిపోయినా అంచుల్లోంచి పిల్లలు పెడుతుంది. మనీ ప్లాంట్, రబ్బర్ ప్లాంట్ ఒట్టి ఆకుకు వేర్లు రావచ్చు, కణుపు లేకపోతే కొమ్మ రాదు. ఏళ్లు చూసినా ఆకు ఆకుగానే ఉంటుంది.

మన దగ్గర ఇవన్నీ జూన్ చివర్లో మొదలుపెట్టండి. మే నెల ఎండలకు కుండీలో మట్టే కాలుతుంది, ఆకు ఎక్కడ ఆగుతుంది?

సరే, ఈ జీజీ ఆకును దాని చోట పెట్టేస్తున్నా. అమ్మ చూస్తే "మళ్లీ పీకినవా?" అంటుంది.