హిల్మా పేరు ముందు రాయండి

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పిల్లలకు నమస్కారం. మర్యాదలు ఇంతటితో ఆపేస్తాను, ఇచ్చిన టైమ్ తక్కువ.

నైరూప్య చిత్రకళ, అంటే కనిపించే వస్తువుల రూపాలు లేకుండా రంగులతో, ఆకారాలతోనే వేసే బొమ్మలు, ఎలా పుట్టిందో చెప్పమన్నారు. రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ 1910, 1911 ప్రాంతంలో మొదలుపెట్టాడు, తర్వాత మాలెవిచ్, మాండ్రియాన్ అనే చిత్రకారులు వచ్చారు. మన దగ్గర పాఠం ఇప్పటికీ ఇలాగే నడుస్తోంది. నా గొడవంతా దీనిమీదే.

1906లోనే స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో హిల్మా ఆఫ్ క్లింట్ అనే ఆవిడ మనిషీ, చెట్టూ, ఇల్లూ ఏవీ లేని బొమ్మలు వేసింది. అక్కడి రాయల్ అకాడమీలో చిత్రకళ చదువుకున్న మనిషి. బతుకుతెరువుకు ప్రకృతి దృశ్యాలు, మనుషుల బొమ్మలు వేసి అమ్మేది. 1907లో వేసిన పది పెద్ద బొమ్మల్లో ఒక్కొక్కటీ మూడు మీటర్లకు పైనే ఎత్తు. బాల్యం నుంచి ముసలితనం దాకా మనిషి బతుకంతా రేకులుగా, చుట్లుగా, అక్షరాలుగా అందులో ఉంది. 1906లో మొదలైన ఆ వరసలో 1915 నాటికి 193 బొమ్మలు పూర్తయ్యాయి.

మరి ఎందుకు తెలియలేదు? తను పోయాక ఇరవై ఏళ్ల దాకా ఎవరికీ చూపించొద్దంది. 1944లో పోయింది. బొమ్మలన్నీ మేనల్లుడికి వచ్చాయి. 1970లో స్టాక్‌హోమ్ ఆధునిక కళా మ్యూజియంకి ఇస్తామంటే వద్దన్నారు! 1986లో లాస్ ఏంజెలెస్‌లో కొన్ని చూపించారు. 2018లో న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియంలో పెడితే ఆరు లక్షల మందికి పైగా వచ్చారు.

ఆత్మలు చెబితే గీసింది, అది కళ కాదు అంటారు కొందరు. అయ్యా, కాండిన్‌స్కీ థియోసఫీ, అదే దివ్యజ్ఞాన సమాజం వాళ్ల ఆధ్యాత్మిక తత్వం, చదవలేదా? మాండ్రియాన్ 1909లో ఆ సొసైటీలో చేరలేదా? వాళ్లది తత్వచింతన, ఆవిడది పిచ్చి అవుతుందా? ఆలోచనలకు రంగూ ఆకారమూ ఉంటాయని ఆ సమాజంలోని లెడ్‌బీటర్‌తో కలిసి పుస్తకం రాసిన అనీబిసెంట్, ఇదే మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టిన అనీబిసెంటే. ఈ ఊళ్లో మాట్లాడుతూ ఆ మాట దాటేసి ఎలా పోను?

ఇంకొక్కటి చెప్పాలి. నా దగ్గర చదివిన ఒకమ్మాయి ఒక పోటీకి ఇలాంటి బొమ్మే పంపింది. జడ్జి దాన్ని చూసి, "చక్కగా ఒక పువ్వు గీయకూడదమ్మా?" అన్నాడు. ఆ పిల్ల మళ్లీ బ్రష్ పట్టలేదు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. అదే బొమ్మ కింద మగవాడి పేరుంటే "ప్రయోగం" అనేవాడు!

కాండిన్‌స్కీని తీసేయమని నేననడం లేదు. ఆయన గొప్పవాడే. హిల్మా పేరు ముందు రాయండి, అంతే. ఆయన ముందని నేర్పితే తేదీలు తప్పు నేర్పినట్టే.

వెనక వరసలో అమ్మాయిలూ, మీకే చెబుతున్నాను. మీ ఇళ్లల్లో అమ్మమ్మలు, మేనత్తలు గీసి అటక మీద పడేసిన నోటు పుస్తకాలుంటే దుమ్ము దులిపి ఇక్కడికి తీసుకురండి. ప్రిన్సిపాల్ గారూ, వచ్చే ఎగ్జిబిషన్‌లో ఒక గోడ వాళ్లకి ఇవ్వండి. ఇస్తానని ఈ సభలోనే చెప్పండి.