సమ్మె చేసింది బానిసలే: మార్క్స్‌ను నల్లజాతి ఆలోచనాపరులు చదివిన తీరు

[తెరపై: చీకటి, నీళ్లు, తెడ్ల చప్పుడు]

1861 మే 23 రాత్రి. అమెరికాలో బానిసత్వం గొడవతో విడిపోయిన దక్షిణాదికీ, ఉత్తరాదికీ మధ్య అంతర్యుద్ధం మొదలై నెల దాటింది. వర్జీనియా తీరంలో ముగ్గురు మనుషులు చిన్న పడవలో, ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న మన్రో కోట వైపు తెడ్లు వేస్తున్నారు. ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మేలరీ, జేమ్స్ టౌన్‌సెండ్. ముగ్గురూ బానిసలు. యజమాని దక్షిణాది సైన్యంలో కల్నల్. వీళ్లతో ఫిరంగుల దిబ్బలు కట్టిస్తున్నారు. ఇక ఇంటివాళ్లకు దూరంగా నార్త్ కరోలినాకు పంపేస్తారని తెలిసింది. అంతే, బయల్దేరారు.

కల్నల్ తరఫున ఒక మేజర్ తెల్లజెండాతో వచ్చి, పారిపోయిన బానిసల చట్టం ప్రకారం వాళ్లను అప్పగించమన్నాడు. కోటలో ఉన్న జనరల్ బట్లర్ స్వతహాగా లాయరు. మీరు మా దేశం నుంచి విడిపోయామన్నారు కదా, మరి మా చట్టం మీకెందుకు వర్తిస్తుందని అడిగాడు. శత్రువు యుద్ధానికి వాడుకుంటున్న సొత్తు కింద జమకట్టి ముగ్గురినీ ఉంచేసుకున్నాడు. గమనించండి, అప్పటికీ వాళ్లు సొత్తే. మనుషులని రాసుకోలేదు. కానీ కబురు పాకింది. కొద్ది వారాల్లో వందల మంది ఆ కోటకు చేరారు.

[తెరపై: డు బోయిస్ ఫొటో]

1935లో అమెరికా నల్లజాతి చరిత్రకారుడు డబ్ల్యు.ఇ.బి. డు బోయిస్ 'బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్' అనే పుస్తకంలో ఇలాంటి పారిపోవడాలన్నిటినీ కలిపి చూశారు. లక్షల మంది బానిసలు పొలాలు వదిలి వచ్చేశారు. దక్షిణాదికి తిండీ పత్తీ పండించే చేతులు ఆగిపోయాయి. అవే చేతులు ఉత్తరాది సైన్యానికి కందకాలు తవ్వాయి, తుపాకులు పట్టాయి. దీనికి ఆయన పెట్టిన పేరు సార్వత్రిక సమ్మె. మామూలుగా ఆ మాట వినగానే ఫ్యాక్టరీ గేటు, యూనియన్ జెండా గుర్తొస్తాయి. బానిసకు జీతమే లేదు, యూనియన్ ఎక్కడిది? అప్పటి మార్క్సిస్టుల్లో కొందరికి ఆ పేరు మింగుడు పడలేదు. నా దృష్టిలో మాత్రం ఆ ఒక్క మాటతో చరిత్రంతా తిరగబడింది. అప్పటిదాకా విముక్తిని అధ్యక్షుడు లింకన్ ఇచ్చిన వరంలా చెప్పేవారు. డు బోయిస్ దాన్ని పని ఆపేసిన శ్రామికుల చేతికి తిరిగి ఇచ్చారు.

మార్క్స్‌కు ఈ సంగతి పట్టలేదని కాదు. అంతర్యుద్ధం గురించి ఆయన చాలా రాశారు. నల్ల చర్మం మీద బానిస ముద్ర ఉన్నంతకాలం తెల్ల చర్మంలోని శ్రమకు విముక్తి లేదని 1867లో వచ్చిన 'పెట్టుబడి'లో స్పష్టంగా అన్నారు. అయితే ఒక ప్రశ్న మిగిలింది. పేద తెల్ల కూలీ, పేద నల్ల కూలీ ఎందుకు ఒక్కటి కాలేదు? డు బోయిస్ జవాబు ఇదీ: తెల్ల కూలీకి డబ్బు రూపంలో దక్కేది తక్కువే. కానీ పైన ఇంకో జీతం అందేది. పార్కులోకి రానిస్తారు, మంచి బడి ఉంటుంది, పోలీసులు తనవాళ్లే, ఎదురుపడితే మర్యాద దొరుకుతుంది. ఆ మర్యాద కోసం అతను తన కూలి డబ్బుల పోరాటాన్నే వదులుకున్నాడు.

ఇది వింటుంటే మనకు ఊరు, వాడ గుర్తు రాకుండా ఉంటాయా? పీపుల్స్ వార్ స్థాపకుల్లో ఒకరైన కె.జి. సత్యమూర్తి కులం ప్రశ్న దగ్గరే పార్టీకి దూరమయ్యారు. రెండు చరిత్రలూ ఒకటి కావు, కానీ ఆ ఘర్షణ మనకు కొత్త కాదు.

కరేబియన్‌లో ఫ్రాన్సు ఏలుబడిలోని మార్టినిక్ ద్వీపానికి చెందిన నల్లజాతి కవి ఎమె సెజేర్ 1956 అక్టోబరులో ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీకి రాజీనామా చేస్తూ మొహమాటం లేకుండా రాశారు. మార్క్సిజం నల్లజాతి ప్రజల అవసరానికి పనికిరావాలి గానీ, వాళ్లు దాని సేవకు కాదని. సిద్ధాంతాన్ని ఆయన తిట్టలేదు. మా తరఫున మీరు ఆలోచించొద్దన్నారు, అంతే.

[తెరపై: క్లాడియా జోన్స్]

పార్టీలోనే ఉండి పోట్లాడినవాళ్లూ ఉన్నారు. ట్రినిడాడ్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగి, అమెరికా కమ్యూనిస్టు పార్టీలో పనిచేసిన క్లాడియా జోన్స్ 1949లో నల్లజాతి స్త్రీల గురించి ఒక వ్యాసం రాశారు. తెల్లవాళ్ల ఇళ్లలో అంట్లు తోమే, పిల్లల్ని సాకే స్త్రీని యూనియన్లు ఎందుకు పట్టించుకోవని సొంత పార్టీనే నిలదీశారు. సమావేశంలో సమానత్వం మాట్లాడి, ఇంటికెళ్లి పనిమనిషిని చిన్నచూపు చూసే కామ్రేడ్లనూ వదల్లేదు. కార్మికవర్గం, జాతి, స్త్రీ అని మూడు విడి గదులు ఆమెకు లేవు. ఆ స్త్రీ మీద మూడు బరువులూ ఒకేసారి పడుతున్నాయి, కాబట్టి ఆమె కదిలితే అన్నీ కదులుతాయన్నది క్లాడియా వాదన.

కమ్యూనిస్టు అన్న కారణంగా అమెరికా ఆమెను జైల్లో పెట్టి, 1955లో దేశం నుంచి పంపేసింది. లండన్ చేరి అక్కడ నల్లజాతి వారి కోసం పత్రిక నడిపారు. 1964 డిసెంబరులో, యాభై ఏళ్లు నిండకుండానే, పోయారు. హైగేట్ శ్మశానంలో ఆమె సమాధి ఉంది, మార్క్స్ సమాధికి ఎడమ పక్కన.

[తెరపై: రెండు సమాధులూ ఒకే ఫ్రేములో]