ఏడుపు ఆపింది గ్రైప్ వాటర్ కాదు, క్యాలెండర్!

నమస్కారం అమ్మా, అక్కా, చెల్లీ. అన్నలూ, మీరు కూడా కూర్చోండి, మీకు చెప్పాల్సింది చాలా ఉంది. సూటిగా విషయానికొస్తున్నా. నెలన్నర బిడ్డ సాయంత్రం ఆరు కాగానే మొదలుపెట్టి, రాత్రి పదింటి దాకా గుక్కపట్టి ఏడుస్తుంటే, దాన్ని ఖాయంగా ఆపే మందు నెల్లూరులో లేదు. ఒంగోలులో లేదు. రైలెక్కి చెన్నై పోయినా లేదు. మీరు పట్టిన గ్రైప్ వాటర్ ఆపలేదు. కట్టించిన తాయెత్తు ఆపలేదు. బాలింత నోరు కట్టేసిన పథ్యం అసలే ఆపలేదు. ఆపింది బిడ్డ వయసు!

ఇంత కోపం ఎందుకంటే, ఆ రీల్. మీరంతా చూసే ఉంటారు. చూడనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా. ఒక పెద్దావిడ ఏడుస్తున్న పసిబిడ్డని కెమెరా ముందుకి తెచ్చి, మంచం మీదున్న బాలింతని చూపించి, "ఇది బంగాళాదుంప వేపుడు తిన్నది, బిడ్డకి కడుపు పట్టేసింది" అంటుంది. ఆ పిల్ల తల దించుకుంటుంది. అంతే వీడియో. దానికి దండాలు పెడుతూ మన కుటుంబం గ్రూపులన్నింట్లో తిప్పుతున్నారు. ఆ పిల్ల మొహం చూశారా మీరు? కాన్పు అయ్యి రెండు నెలలు కాలేదు, కంటి నిండా నిద్ర లేదు, దానికి తోడు ఊరందరి ముందు దోషి!

సరే, లెక్క చూద్దాం. అమెరికాలో బ్రేజల్టన్ అని పిల్లల డాక్టరు, 1962లో 80 మంది తల్లుల చేత బిడ్డల ఏడుపు రోజూ రాయించాడు. జబ్బున్న పిల్లకాయలు కాదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే. రెండో వారంలో రోజుకి సుమారు గంటా ముప్పావు ఏడ్చారు. ఆరో వారానికి అది రెండు ముప్పావు గంటలైంది. తర్వాత తగ్గుతూ వచ్చింది. ఎక్కువ ఏడుపు సాయంత్రాలే. అంతకుముందు 1954లో వెసెల్ అనే డాక్టరు, రోజుకి మూడు గంటలు, వారంలో మూడు రోజులు దాటి ఏడిస్తే కోలిక్ అన్నాడు. ఆ కోలిక్ పిల్లల్లో కూడా చాలామంది మూడు నాలుగు నెలలకి సర్దుకుంటారు.

ఇప్పుడు ఆలోచించండి. మనం మందు కోసం ఎప్పుడు పరిగెత్తుతాం? ఏడుపు భరించలేనంత పెరిగినప్పుడు, అంటే ఆరో వారంలో. ఆ రోజు ఏం చేసినా సరే, వాము నీళ్ళు పట్టినా, దిష్టి తీసినా, తర్వాత నెలలో ఏడుపు తగ్గుతుంది. పేరు మాత్రం ఆఖరున చేసినదానికి వస్తుంది. కసుమూరు దర్గాకి పోయి వస్తే మనసుకి ధైర్యం వస్తుంది, పోండి, నేనేమీ అనను. కానీ ఏమీ చెయ్యకపోయినా తగ్గేది అన్న సంగతి మాత్రం మర్చిపోకండి.

ఇంకో మాట చెప్తా, ఇది నా సొంత సిద్ధాంతం. మన వైపు తొలికాన్పు పుట్టింట్లో. బిడ్డని ఎత్తుకుని అత్తారింటికి పోయేది ఎప్పుడు? మూడో నెలలోనో, ఐదో నెలలోనో. అప్పటికి ఏడుపు అయిపోయింది! మొత్తం పుట్టింట్లోనే ఏడ్చేసి, ఇక్కడికొచ్చేసరికి బిడ్డ గమ్మున పడుకుంటుంది. అత్తగారు ఏమంటుంది? "మా ఇంటికొచ్చాక చూడు ఎంత బుద్ధిగా ఉందో, అక్కడ ఏం తిన్నదో ఏమో." మొగుడేమో ఆదివారం మధ్యాహ్నం వచ్చి, నిద్రపోతున్న బిడ్డని ఫోటో తీసుకుని, చీకటి పడకముందే బస్సెక్కినవాడు. వాడికి ఆ ఏడుపే తెలియదు. అందుకే మన ఇళ్ళల్లో ఈ కష్టం ఆడవాళ్ళ నోటి మాటగానే మిగిలిపోయింది, మగవాళ్ళు నమ్మలేదు. కాదంటారా? మీ ఇంట్లోనే అడిగి చూడండి.

గ్రైప్ వాటర్ అంటే మనకి అమ్మమ్మల నాటి నమ్మకం. అది 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసింది. అప్పటి సీసాలో సారాయి కూడా ఉండేది, తెలుసా? తర్వాత తీసేశారు. మిగిలింది సోంపు, చక్కెర లాంటివి. తియ్యటిది నోట్లో పడితే బిడ్డ కాసేపు చప్పరిస్తుంది, మనకి ఏడుపు ఆగినట్టు అనిపిస్తుంది. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంటే, మనం సీసా మూత తీస్తున్నాం.

అసలు భయం వేరే చుక్కల మందు గురించి. కడుపునొప్పి చుక్కలని షాపులో అడిగితే, కొన్నింట్లో డైసైక్లోమిన్ అనే మందు ఉంటుంది. ఆరు నెలల లోపు బిడ్డకి అది పొయ్యకూడదు. ఊపిరి ఆగిన కేసులు, ఫిట్స్ వచ్చిన కేసులు ఉన్నాయి. సీసా మీద అక్షరాలు ఎంత చిన్నవైనా చదవండి, లేదా చదివించండి. పక్కింటి బిడ్డకి రాసిన చీటీ మన బిడ్డకి వాడొద్దు. తేనె ఏడాది నిండేదాకా నాకించొద్దు, బొట్యులిజం అని ప్రాణం మీదికి తెచ్చే జబ్బు రావచ్చు. వస కొమ్ము అరగదీసి పట్టడం వద్దు. పొట్ట మీద వాత పెడదామని ఎవరన్నా అంటే బిడ్డని ఎత్తుకుని ఆ ఇంట్లోంచి బయటికి రండి. ఎవరేమనుకున్నా సరే!

పథ్యం దగ్గరికొద్దాం. నా గొంతు పెరుగుతోంది, పెరగనివ్వండి. ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, 2020 లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకి 600 క్యాలరీలు ఎక్కువ కావాలి. మనం పెట్టేది? వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం. పప్పు వాతం, వంకాయ దురద, పెరుగు జలుబు, మంచినీళ్ళు తాగితే పొట్ట వస్తుంది. సముద్రం పక్క ఊళ్ళల్లో పాలు పడాలని సొరపుట్టు, అంటే సొరచేప పొరటు, చేసి పెడతారు చూడండి, ఆ ఆచారానికి నేను దండం పెడతా! వేడి వేడి సొరపుట్టు, పైన వెల్లుల్లి, పచ్చిమిర్చి. తినే తల్లికి బలం, చేసే అమ్మకి తృప్తి. అలాంటి రుచి తెలిసిన జిల్లాలో బాలింతని ఎండగట్టడం ఏంటి? కొద్దిమంది బిడ్డలకి ఆవు, గేదె పాల ప్రొటీన్ పడదు. విరేచనంలో రక్తం జీర, ఒళ్ళంతా పొక్కులు కనబడితే, డాక్టరు చెప్పినప్పుడు తల్లి తన తిండిలో ఆవు, గేదె పాలు, పెరుగు మానాలి, బిడ్డకి తన పాలు ఇవ్వడం కాదు. అది వేరే సంగతి. ఆలుగడ్డ తిన్నందుకు శిక్ష వెయ్యడం వేరు.

అయితే ప్రతి ఏడుపూ కోలిక్ కాదు. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 జ్వరం, ఆకుపచ్చ వాంతి, పాలు పట్టకపోవడం, ఒళ్ళు వాల్చేయడం, మూత్రం తగ్గడం, గజ్జలో ఉబ్బు, వీటిలో ఏదున్నా వెంటనే ఆసుపత్రి. 108కి కొట్టండి. బట్టలు మొత్తం విప్పి చూడండి. చీమ కుట్టిందేమో, మొలతాడు బిగిసిందేమో. కాలివేళ్ళ మధ్య కూడా చూడండి. కాన్పు తర్వాత తల్లికి జుట్టు ఊడుతుంది, ఒక్క వెంట్రుక వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు.

అవేమీ లేకపోతే ఎత్తుకోండి. "ఎత్తితే అలవాటైపోతుంది" అనేవాళ్ళని పట్టించుకోవద్దు. 1986లో మాంట్రియల్‌లో మామూలు బిడ్డల మీద చూశారు. రోజూ ఇంకాస్త ఎక్కువసేపు ఎత్తుకుంటే ఆరో వారంలో ఏడుపు 43 శాతం తగ్గింది. కోలిక్ బిడ్డల్లో అంత తేడా కనబడలేదు, నిజమే. కానీ చెడిపోతారన్న మాటకి మాత్రం ఆధారం లేదు. ఇంకొకటి, రోహిణి కార్తెలో ఫ్యాన్ ఆపి, టోపీ పెట్టి, సాంబ్రాణి పొగలో ఉంచితే పెద్దవాళ్ళకే ఊపిరాడదు. టీవీ ఆపండి. చూడ్డానికి వచ్చే చుట్టాలని పొద్దున రమ్మనండి. సాయంత్రం ఆ నాలుగు చేతులు మారడమే సగం గొడవని నాకు గట్టి నమ్మకం.

ఎంత ఓపికున్నా ఒక దశలో కోపం వస్తుంది. వచ్చిందని సిగ్గుపడొద్దు. బిడ్డని మాత్రం గట్టిగా ఊపకండి, కుదపకండి. గట్టి కుదుపుకి మెదడులో రక్తం కారవచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, పది నిమిషాలు వరండాలో కూర్చోండి. ఆ పది నిమిషాల ఏడుపుతో బిడ్డకి ఏమీ కాదు. రోజుల తరబడి మనసు బాగోకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అని మనసు బాధలకి ప్రభుత్వ సలహా లైను, డబ్బులు అక్కర్లేదు.

చివరిగా ప్రభుత్వానికి ఒక్క మాట. ఆసుపత్రి కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికి రావాలి. తర్వాత మళ్ళీ మూడో నెలకి. 42వ రోజంటే సరిగ్గా ఆరు వారాలు! ఏడుపు నెత్తికెక్కిన రోజే ఆ విడతలో ఆఖరి విజిట్. అదే వారం పెంటావాలెంట్ సూది, అంటే ఐదు జబ్బులు రాకుండా వేసే టీకా, ఇంట్లో వాళ్ళు దాన్ని కూడా తిడుతుంటారు. ఆ తర్వాత మూడో నెల దాకా ఆ తల్లి ఇంటికి ఆ లెక్కలో ఎవరూ రారు. 42కీ మూడో నెలకీ మధ్య ఒక్క విజిట్ కలపండి. బిడ్డ బరువు కోసం కాదు, తల్లిని "ఎట్టా ఉన్నావమ్మా" అని అడగడానికి. మీ ఊరి ఆశాని అడగండి, ఆవిడ కూడా ఇదే చెప్తుంది. ఆవిడకి ఆ విజిట్‌కి డబ్బులు కూడా ఇవ్వాలి, ఊరికే తిప్పొద్దు.